నలుగురు కూర్చునే చోటు, దాని హక్కు

పొద్దు వాలేసరికి నలుగురు ఒకచోట చేరడం మన ఊళ్ళలో అనాదిగా వస్తున్న అలవాటు. ఒక ఊళ్ళో అది రావిచెట్టు కింద రచ్చబండ, మరొక ఊళ్ళో పెద్దింటి అరుగు, ఇంకొక చోట మస్జిదు ముందరి చబుత్రా. పట్నంలో అయితే హోటలు బల్ల. అక్కడ చేరినవాళ్ళు వానల గురించి, ధరల గురించి, పెళ్ళి సంబంధాల గురించి, ప్రభుత్వం గురించి మాట్లాడుకుంటారు. ఇంట్లోవాళ్ళు "పనీపాటా లేక కూర్చున్నారు" అని సణుగుతారు. లాఠీ చేతబట్టుకొని వచ్చినవాడు "ఇక్కడేం పని? లేవండి" అంటాడు.

బహిరంగ స్థలంలో నలుగురు కూడి కూర్చోవడం మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్న నిన్నా మొన్నా పుట్టింది కాదు. అయిదు వందల ఏళ్ళ క్రితం ఒక చిన్న కప్పు కారణంగా ఇదే ప్రశ్న మక్కా నగరంలో లేచింది. అక్కడి నుండి కైరో, ఇస్తాంబుల్, లండన్ నగరాలు తిరిగి, చివరకు మన హైదరాబాదు ఇరానీ హోటళ్ళ దాకా వచ్చింది. ఆ చరిత్రను సొసైటీ సభ్యులకు, వారి కుటుంబాలకు క్లుప్తంగా చెప్పాలన్నదే ఈ వ్యాసం ద్వారా మా ప్రయత్నం. ఇది చరిత్ర కోసం చెప్పే చరిత్ర మాత్రమే కాదు. మన పిల్లలు సాయంత్రం పూట ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న కూడా ఇందులో ఉంది.

దారి హక్కు

ముందుగా ఒక హదీసును గుర్తు చేసుకుందాం. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉన్నదే. దారుల మీద కూర్చోవద్దని దైవప్రవక్త (స) తమ సహచరులను హెచ్చరించారు. మాకు కూర్చొని మాట్లాడుకోవడానికి వేరే చోటు లేదని వారు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కు ఇవ్వండి అన్నారు ప్రవక్త. దారి హక్కు ఏమిటని అడిగితే నాలుగు సంగతులు చెప్పారు. చూపు వాల్చుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబు చెప్పడం, మంచిని ప్రోత్సహించి చెడును ఆపడం.

ఇందులో గమనించదగ్గ విషయం ఒకటుంది. జనం తమ ఇబ్బంది చెప్పుకోగానే నిషేధం కాస్తా బాధ్యతగా మారింది. కూర్చోవడం నేరం కాలేదు. కూర్చున్న చోటికి బాకీ పడ్డాం, ఆ బాకీ తీర్చాలి, అంతే. మేము ఈ వ్యాసంలో చెప్పదలచిన కథ అంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. దీన్ని గుర్తుంచుకున్న చోట కూడికలు నిలిచాయి. దీన్ని మరచి కూడికలనే మూసివేయబోయిన పాలకులు ఒకరి తర్వాత ఒకరు ఓడిపోయారు.

మక్కాలో ఆర్పిన లాంతర్లు

కాఫీ తాగే అలవాటు పదిహేనవ శతాబ్దంలో యెమెన్ దేశపు సూఫీల మధ్య వ్యాపించింది. రాత్రంతా జిక్ర్ చేసుకునేవాళ్ళకు నిద్ర రాకుండా అది తోడ్పడేది. కాఫీ గురించి పదహారవ శతాబ్దం మధ్యలో పుస్తకం రాసిన అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ, కైరోలోని యెమెనీ సూఫీల పద్ధతిని వర్ణించాడు. ఎర్రమట్టి పాత్రలో కాఫీ పోసి ఉంచేవారట. పెద్దవాడు చిన్న ముంతతో తీసి కుడివైపు నుండి వరుసగా అందించేవాడట. అంటే కాఫీ మొదటి నుంచీ ఒంటరిగా తాగే పానీయం కాదన్నమాట. పదిమంది వరుసగా పంచుకునే పానీయంగానే అది లోకంలోకి వచ్చింది.

ఆ కప్పు ఖాన్‌ఖాల నుండి బజారుకు రాగానే చిక్కు మొదలైంది. 1511లో మమ్లూకు సుల్తానుల తరఫున మక్కాలో ఖాయిర్ బేగ్ అనే ముహ్తసిబ్ ఉండేవాడు. తూకాలు, కొలతలు, బజారు నడవడి చూసుకునే అధికారి అతడు. జూన్ నెలలో ఒక రాత్రి మస్జిదు ఆవరణలో కొందరు లాంతర్ల వెలుగులో కూర్చొని ఉండడం అతని కంట పడింది. అధికారి రావడం చూసి వాళ్ళు లాంతర్లు ఆర్పేశారు. ఆరా తీస్తే వాళ్ళు తాగుతున్నది కాఫీ అని తేలింది. అయినా దీపం ఆర్పినందుకే అనుమానం పెరిగింది. నలుగురు చీకట్లో కూర్చుంటే ఏదో ఉందనుకోవడం అధికారులకు అప్పుడూ అలవాటే, ఇప్పుడూ అలవాటే.

మర్నాడు ఉలమాలను సమావేశపరిచారు. అక్కడ ఆ పెద్దలు చేసిన పని మెచ్చుకోదగ్గది. వారు ప్రశ్నను రెండుగా విడదీశారు. అనుచితమైన కూడిక వేరు, పానీయం వేరు అన్నారు. చెడు నడవడి ఉన్న కూడికను ఆపవచ్చు. పానీయం మాత్రం హాని చేస్తుందని రుజువు అయ్యేదాకా అనుమతించబడినదే అన్నారు. హాని సంగతి వైద్యులు చెప్పాలి కనుక ఇద్దరు వైద్యులను పిలిపించారు. వాళ్ళు అధికారికి అనుకూలంగా సాక్ష్యం చెప్పారు. దాంతో కాఫీ అమ్మకాన్ని నిషేధించారు, దొరికిన సరుకును వీధుల్లో తగలబెట్టారు, అమ్మినవారికి దెబ్బలు పడ్డాయి.

కాగితాలు కైరోలోని సుల్తాను దర్బారుకు వెళ్ళాయి. అక్కడి నుండి వచ్చిన జవాబు అధికారి ఆశించినట్టుగా లేదు. అనుచితమైన నడవడిని ఆపమని అందులో ఉంది గాని, కాఫీని నిషేధించమని లేదు. మరుసటి ఏడాదికి ఖాయిర్ బేగ్ ఆ పదవిలో లేడు. మక్కాలో కప్పులు మళ్ళీ బయటికి వచ్చాయి.

1534 ప్రాంతంలో కైరోలోనూ గొడవ లేచింది. ఒక ప్రసంగీకుడు రెచ్చగొట్టగా జనం కాఫీ దుకాణాల మీద పడి పగలగొట్టారు. అప్పుడు ముహమ్మద్ ఇబ్న్ ఇల్యాస్ అనే ఖాజీ చేసిన విచారణ చాలా ముచ్చటైనది. కొందరిని తన దగ్గరికి పిలిపించి, కాఫీ కాచి వాళ్ళకు తాగించాడు. ఆ తర్వాత వాళ్ళతో కూర్చొని మాటలు కలిపాడు. మత్తు ఎక్కుతుందా, మతి తప్పుతుందా అని స్వయంగా చూశాడు. అలాంటిదేమీ కనబడకపోవడంతో తాగవచ్చని తీర్పు చెప్పాడు. విన్నమాట మీద కాక కళ్ళారా చూసి తీర్పు చెప్పాలన్న పాఠం ఇందులో ఉంది. కుర్రాళ్ళ గుంపును చూడగానే నోటికొచ్చినట్టు మాట్లాడే మనలాంటి పెద్దలకు ఇది బాగా పనికివస్తుంది.

సుల్తాన్ల భయం

ఇస్తాంబుల్ నగరంలో మొదటి కాఫీ ఇళ్ళు హిజ్రీ 962లో, అంటే 1554-55లో వెలిశాయని చరిత్రకారుడు ఇబ్రాహీం పెచెవీ రాశాడు. అలెప్పో నుండి వచ్చిన హకం, డమాస్కస్ నుండి వచ్చిన షమ్స్ అనే ఇద్దరు వాటిని తెరిచారట. అక్కడ కొందరు పుస్తకాలు చదువుకొనేవారు, కొందరు చదరంగం ఆడేవారు, కవులు కొత్త కవితలు తెచ్చి వినిపించేవారు. ఖర్చు తక్కువ, కాలక్షేపం ఎక్కువ. అంతకు ముందు సామాన్యుడు స్నేహితులతో కూర్చోవాలంటే ఇంటికి పిలిచి విందు పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక నాణెం ఉంటే చాలు, ఎవరితోనైనా కూర్చోవచ్చు.

అదే పాలకులకు కంటగింపు అయింది. 1633లో ఇస్తాంబుల్ పెద్ద అగ్నిప్రమాదంలో చిక్కుకుంది. ఆ తర్వాత సుల్తాన్ నాలుగవ మురాద్ కాఫీ ఇళ్ళన్నిటినీ మూయించాడు. పొగాకును కూడా నిషేధించి కఠిన శిక్షలు వేశాడు. అగ్నిభయం ఒక కారణం. నలుగురూ చేరి రాజ్యం సంగతులు మాట్లాడుకుంటారన్న భయం అంతకంటే పెద్ద కారణం. ఆయన కాలం గడిచిన తర్వాత కాఫీ ఇళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి. 2013లో టర్కీ కాఫీ సంప్రదాయాన్ని యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకనాడు మూయించిన అలవాటే నేడు ఆ దేశానికి గౌరవ చిహ్నం.

ఇరాన్‌లో షా అబ్బాస్ కాలంలో ఇస్ఫహాన్ పెద్ద మైదానం దగ్గర కాఫీ ఇళ్ళు ఉండేవి. ఫిర్దౌసీ షాహ్‌నామా కథలను అభినయిస్తూ చెప్పే నఖ్ఖాల్ అనే కథకులు అలాంటి చోట్లనే పేరు తెచ్చుకున్నారు. చదువు రానివాడు కూడా అక్కడ కూర్చుంటే చరిత్ర, కావ్యం చెవిన పడేవి. మన ఊళ్ళలో బుర్రకథ, ఒగ్గుకథ చేసిన పని అక్కడ కాఫీ ఇల్లు చేసిందన్నమాట.

లండన్ నియమాలు

ఈ కప్పు 1652లో లండన్ చేరింది. స్మిర్నా రేవులో వ్యాపారం చేసిన ఒక ఇంగ్లీషు వర్తకుడి దగ్గర పనిచేసే పాస్కా రోజే అక్కడ మొదటి కాఫీ దుకాణం పెట్టాడు. కొద్దికాలంలోనే అలాంటివి ఊరంతా వెలిశాయి. ఒక పెన్నీ ఇస్తే కూర్చోవచ్చు, పత్రిక చదవవచ్చు, పండితుల మాటలు వినవచ్చు. అందుకే వాటిని పెన్నీ విశ్వవిద్యాలయాలు అన్నారు. ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ దుకాణంలో నావికులు, ఓడల యజమానులు చేరేవారు. ఆ బల్లల దగ్గర మొదలైన బేరాల నుండే లాయిడ్స్ అనే ప్రపంచ ప్రసిద్ధమైన బీమా వ్యాపారం పెరిగింది.

1674లో లండన్‌లో కాఫీ ఇంటి నియమాలు అంటూ ఒక కాగితం అచ్చయింది. ఎవరైనా రావచ్చు, దొరకిన చోట కూర్చోవచ్చు. పెద్దవాడు వచ్చాడని ఎవరూ లేచి చోటు ఇవ్వనక్కరలేదు. ఒట్లు, తిట్లు నోట వచ్చినవాడు పన్నెండు పెన్నీలు జుర్మానా కట్టాలి. కయ్యం మొదలుపెట్టినవాడు అక్కడున్న వారందరికీ తలా ఒక కప్పు ఇప్పించాలి. పాచికలు, పేకాట ఉండరాదు. చూశారా, ఇది కూడా దారి హక్కు లాంటిదే. వేరే దేశం, వేరే మతం, వేరే భాష. అయినా నలుగురు కూర్చునే చోటు సవ్యంగా సాగాలంటే మనుషులు దాదాపు ఇవే సూత్రాలకు వస్తారు.

కాని అక్కడి రాజుకూ అదే భయం పట్టుకుంది. రెండవ చార్లెస్ 1675 డిసెంబరు 29న కాఫీ ఇళ్ళను మూసివేయాలని ఫర్మానా జారీ చేశాడు. 1676 జనవరి 10 నుండి అది అమలు కావాలి. ఊరంతా గగ్గోలు పెట్టింది. జనవరి 8వ తేదీనే ఆ ఉత్తర్వును ఆపుకోవలసి వచ్చింది. రెండు వారాలు కూడా నిలబడలేదు!

మన దేశపు మాట

మన దేశంలోనూ కాఫీ ఇళ్ళు ఇంగ్లీషువారు నేర్పినవి కావు. మొదటి ఆసఫ్ జాహ్ 1738లో దక్కను నుండి ఢిల్లీ వెళ్ళినప్పుడు ఆయన వెంట దర్గా ఖులీ ఖాన్ అనే యువకుడు వెళ్ళాడు. అతడు ఆనాటి ఢిల్లీ నగర జీవితాన్ని ఫారసీలో వర్ణించాడు. మురఖ్ఖా-ఎ-దెహ్లీ అనే పేరుతో అది నేటికీ చరిత్రకారులకు ఆధారం. చాందినీ చౌక్ ఖహ్వాఖానాలలో కవులు చేరేవారన్న సంగతి అందులో ఉంది. ఢిల్లీ బజారు సందడిని మన దక్కను మనిషి ఒకడు రాసిపెట్టాడన్నది మనం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి. ఇక చిక్కమగళూరు కొండలకు కాఫీ గింజలు తెచ్చింది బాబా బుడన్ అనే సూఫీ అని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ కొండలకు నేటికీ ఆయన పేరే.

కాఫీ ఇల్లు టీ హోటలుగా మారడం కూడా తమాషా కథే. ఇరాన్‌లో క్రమంగా కాఫీ తగ్గి చాయ్ పెరిగింది. 1900 ప్రాంతంలో కాషెఫుస్సల్తనె అనే రాయబారి మన దేశం నుండి తేయాకు మొక్కలు తీసుకుపోయి లాహీజాన్‌లో తోటలు వేయించాడు. అక్కడి జనం చాయ్ తాగుతూనే ఆ చోటును మాత్రం ఖహ్వెఖానె అనే పిలుస్తూ వచ్చారు. పేరు కాఫీది, దొరికేది టీ. పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట యజ్ద్ మొదలైన ఊళ్ళలో బతుకుతెరువు లేక బయలుదేరినవారు ఆ అలవాటును వెంటబెట్టుకొని బొంబాయి, పూనా, హైదరాబాదు చేరారు. బొంబాయికి వచ్చినవారిలో జొరాస్ట్రియన్లు ఎక్కువ, హైదరాబాదుకు వచ్చినవారిలో ముస్లిములు ఎక్కువ.

ఇరానీ హోటలు అంటే ఏమిటో హైదరాబాదు, సికింద్రాబాదు వారికి చెప్పనక్కరలేదు. జిల్లాల నుండి వచ్చే మన సభ్యుల కోసం రెండు మాటలు. డికాక్షనును మూతపెట్టి సన్నని సెగ మీద గంటలకొద్దీ మరగనిస్తారు. పాలు వేరే గిన్నెలో చిక్కగా కాగుతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కెట్టు. పాలరాయి పలకల బల్లలు, వంపు చెక్క కుర్చీలు. జేబులో డబ్బు తక్కువైతే ఒక టీని రెండు కప్పుల్లో పోయించుకునే ఏర్పాటు కూడా ఉంది. కప్పు ఖాళీ అయ్యాక అరగంట కూర్చున్నా లేవమనేవాడు లేడు. తిన్నవాడి లెక్కను వెయిటరు లోపలి నుండే కేకేసి చెప్పేవాడు, గల్లా మీద కూర్చున్నవాడు అంతే పుచ్చుకొనేవాడు. కాగితం లేదు, కలం లేదు, నమ్మకం ఒక్కటే. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935లో మొదలైంది. అదే అబిడ్స్‌లో ఉండిన ఓరియెంట్ హోటల్లో కవులు, కార్మిక నాయకులు, పత్రికలవాళ్ళు గంటల తరబడి కూర్చొనేవారని, మఖ్దూం మొహియుద్దీన్ (1908-1969) వంటివారి మాటలు అక్కడ వినబడేవని పాత తరం వారు చెప్పుకొనేవారు. ఆ హోటలు మాత్రం నేడు లేదు.

ఒకే కప్పు

హోటలు బల్ల చేసిన అతి పెద్ద మేలు మన పుస్తకాలలో తగినంతగా రాయబడలేదని మేము అనుకుంటున్నాము. ఇంగ్లీషు పాలనలో రైల్వే స్టేషన్లలో "హిందూ పానీ", "ముసల్మాన్ పానీ" అని వేర్వేరు కుండలు ఉండేవి. టీ కూడా అలాగే వేరు వేరుగా అమ్మేవారు. ఒకే రైలు, ఒకే దాహం, కుండలు మాత్రం రెండు! పల్లెల్లో ఇంకా ఘోరం. టీ కొట్టులో దళితులకు వేరే గ్లాసు, అదీ వాళ్ళే కడిగి పెట్టాలి. ఈ రెండు గ్లాసుల పద్ధతి స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా మన తెలుగు పల్లెల్లో దశాబ్దాల పాటు సాగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ముందుకు వచ్చిన వివక్షలలో ఇదీ ఒకటి.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం ఈ సంగతిని ఎంత గంభీరంగా తీసుకున్నదో చూడండి. పదిహేనవ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు పేరుపేరునా చెప్పి, మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు అనే కారణాలతో ఎవరినీ అక్కడ అడ్డుకోరాదన్నది. పదిహేడవ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి చట్టం హోటళ్ళలోని గిన్నెలు, గ్లాసులు వాడుకోనివ్వకపోవడాన్ని నేరంగా ప్రకటించింది. టీ గ్లాసు కోసం చట్టం రావలసి వచ్చిందంటే, నలుగురు ఒక బల్ల దగ్గర కూర్చోవడం ఎంత కష్టపడి సంపాదించుకున్న హక్కో అర్థమవుతుంది.

ఇతరుల సంగతి చెప్పి ఊరుకుంటే చాలదు. మనలోనూ షేకులు, సయ్యదులు, పఠాన్లు, దూదేకుల అన్న లెక్కలు లేవా? నమాజు వరుసలో భుజానికి భుజం కలుపుతాం. అదే దావతు దస్తర్‌ఖాను దగ్గరికి వచ్చేసరికి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో కంటితోనే ఏర్పాటు చేసుకుంటాం. సభలలో చోటు ఇవ్వమంటే జరిగి చోటు ఇవ్వాలని ఖురాన్‌లో ముజాదిలా సూరా పదకొండవ ఆయతు ఆదేశించింది. ఆ ఆదేశానికి పక్కవాడి ఖాన్‌దాన్‌తో నిమిత్తం లేదు.

ఎవరు లేరు?

ఇంతవరకూ చెప్పిన కథలో ఒక లోటు ఉంది. మా చెల్లెళ్ళు దీన్ని ఇప్పటికే పసిగట్టి ఉంటారు. ఇస్తాంబుల్ కాఫీ ఇంట్లో, ఇస్ఫహాన్ కథకుడి ముందు, లండన్ బల్ల దగ్గర, అబిడ్స్ హోటల్లో కూర్చున్నవారు దాదాపు అందరూ మగవాళ్ళే. ఉస్మానీ రాజ్యంలో ఆడవాళ్ళకు హమ్మాములు కూడిక స్థలాలుగా ఉండేవి. మన దగ్గర బావిగట్టు, చుట్టాల ఇంటి పెళ్ళి, దర్గా ఉర్సు. హోటళ్ళలో వచ్చిన మార్పు అంతా కలిపి తెర కట్టిన ఒక ఫ్యామిలీ రూము. అంతకు మించి ఏమైంది?

పార్కులో, బస్‌స్టాండులో, ఆసుపత్రి వరండాలో మన అమ్మాయి నిశ్చింతగా కూర్చోలేకపోతే ఆ చోటి హక్కు తీరనట్టే. దారి హక్కులలో మొదటిది చూపు వాల్చుకోవడం అని ముందే చెప్పుకున్నాం. ఆ మాట చెప్పింది దారిన పోయేవారికి కాదు, దారి పక్కన కూర్చున్నవారికి. అమ్మాయిలకు బయటికి పోవద్దని చెప్పడం సులువు. అబ్బాయిలకు కూర్చునే తీరు నేర్పడమే అసలు పని.

నేటి చబుత్రా

ఇక ఇప్పటి మాట. 2015 తర్వాతి సంవత్సరాలలో హైదరాబాదు పాతబస్తీలో పోలీసులు చబుత్రా పేరుతో ఒక కార్యక్రమం నడిపారు. అర్ధరాత్రి దాకా అరుగుల మీద, సందు మొగల్లో కూర్చున్న కుర్రాళ్ళను తీసుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి, హితబోధ చేసి పంపారు. కొందరు తల్లులు సంతోషించారు. మా పిల్లవాడు ఏ తప్పూ చేయకుండానే స్టేషను మెట్లు ఎక్కవలసి వచ్చిందని కొందరు బాధపడ్డారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. రాత్రి రెండింటికి మోటారు సైకిళ్ళు మోగించి, నిద్రపోయే ముసలివాళ్ళను లేపే గుంపును ఎవరూ సమర్థించరు. కాని రెండు గదుల ఇంట్లో ఎనిమిదిమంది ఉన్నచోట పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు స్నేహితుడితో ఎక్కడ మాట్లాడాలి? మాకు కూర్చోవడానికి వేరే చోటు లేదని నాడు సహచరులు చెప్పిన మాటే వాడూ చెబుతున్నాడు. వినేవాళ్ళు కావాలి.

ఇరానీ హోటళ్ళు చాలావరకు తగ్గిపోయాయి. స్థలం ధర పెరిగింది, వారసులు వేరే పనుల్లోకి పోయారు, కొన్ని చోట్ల రోడ్లు వెడల్పు చేశారు. ఉన్నవాటిలో నిలబడి తాగి పోయేవారే ఎక్కువ. కొత్తగా వచ్చిన చల్లని గదుల కాఫీ దుకాణాలలో ఒక కప్పు ధర కూలివాడి అరపూట సంపాదన. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతా మూతపడినప్పుడు, నలుగురు కూర్చునే చోటు లేకపోతే బతుకు ఎలా ఉంటుందో మనమందరం చవిచూశాం. ఆ రోజుల్లో ఫోను చేతిలోనే ఉంది. అయినా మనిషి కోసం ప్రాణం కొట్టుకుంది.

కాబట్టి మేము సభ్యులకు విన్నవించేది రెండు సంగతులు. మొదటిది, మన కూడికలు దారికి బాకీ పడకుండా చూసుకుందాం. బరాత్ పోయే రోడ్డు మీద అంబులెన్సు కూడా పోవాలి. జుమాకు వచ్చిన బండి పక్కవాడి గుమ్మానికి అడ్డం నిలవకూడదు. రాత్రి పది నుండి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. జల్సా ఎంత గొప్పదైనా, పక్కింటి రోగికి, పరీక్ష రాసే పిల్లవాడికి బాధ కలిగిస్తే దాని పుణ్యం అక్కడే ఖర్చయిపోతుంది. దావతు ముగిశాక ఇస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు ఊడ్చి పోవడం కూడా ఆ బాకీలో భాగమే.

రెండవది, పిల్లలను లేవమనే ముందు కూర్చునే చోటు చూపిద్దాం. దానికి మహలు అక్కర్లేదు. ఒక గది, పది కుర్చీలు, నాలుగు దినపత్రికలు - తెలుగు, ఉర్దూ రెండూ - ఒక క్యారమ్ బోర్డు, పొయ్యి మీద చాయ్. రాత్రి పదింటి దాకా తలుపు తెరిచి ఉండాలి. వారంలో కొన్ని సాయంత్రాలు ఆడపిల్లలకు, తల్లులకు ప్రత్యేకించి, తాళంచెవి వారి చేతికే ఇవ్వాలి. గోడ మీద నియమాల పట్టిక కావాలంటే వెతుక్కోనక్కరలేదు, దారి హక్కులు నాలుగూ రాసి పెడితే సరిపోతుంది. ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా వచ్చి కూర్చోవచ్చని అయిదవదిగా మనం చేర్చుకుందాం.

ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివి, సావనీరు పంచుకొని, బిర్యానీ తిని ఇంటికి పోవడం మనకు అలవాటే. ఈసారి లెక్కల తర్వాత ఈ గది సంగతి కూడా ఎజెండాలో పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. చోటు ఎవరు ఇస్తారు, అద్దె ఎంత అవుతుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే పని మొదలైనట్టే. చాయ్ పొడి, చక్కెర ఖర్చు భరించడానికి మన సభ్యులలో పోటీ పడేవారికి కొదవ ఉండదని మా నమ్మకం.